రద్దయిన కమీషన్లు, మారిపోయిన మేనేజర్: ఒక అఫిలియేట్‌గా నా అనుభవం

చిన్న వ్యాపారాలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌లను వాడి చూసి రివ్యూలు రాయడం నా పని. సంపాదనలో ఎక్కువ భాగం అఫిలియేట్ కమీషన్లదే, అంటే నా పేజీలోని లింక్ ద్వారా ఎవరైనా కొంటే ఆ కంపెనీ నాకిచ్చే వాటా. 2025 జనవరిలో ఒక ఇన్‌వాయిసింగ్ (బిల్లులు తయారుచేసే) సాఫ్ట్‌వేర్ కంపెనీ అఫిలియేట్ ప్రోగ్రామ్‌కి దరఖాస్తు పెట్టాను. అప్పటి నుంచి అదే ఏడాది నవంబరు దాకా ఆ ప్రోగ్రామ్ మేనేజర్లతో నాకు జరిగినదంతా వరుసగా రాస్తున్నాను. కంపెనీ పేరు గానీ, నెట్‌వర్క్ (అమ్మకాలు ఎవరి లింక్ నుంచి వచ్చాయో నమోదు చేసే మధ్యవర్తి సంస్థ) పేరు గానీ చెప్పను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి అసలు వ్యవహారం ఎలా నడుస్తుందో తెలియాలన్నదే నా ఉద్దేశం.

దరఖాస్తు పెట్టిన వారంలోపే తిరస్కరించారు. ఒకే వాక్యం, కారణం లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి చందా నా డబ్బుతోనే కట్టి, వారాల తరబడి వాడి, రివ్యూ మొత్తం సిద్ధం చేసుకున్నాక వచ్చిన జవాబు అది. చాలా బాధేసింది. నెట్‌వర్క్‌లో ప్రోగ్రామ్ వివరాల పేజీ కింద మేనేజర్ ఈమెయిల్ ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. నేను ఆ అడ్రస్‌కే రాశాను. నాకు పాఠకులు ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తారు, లింక్ ఏ పేజీల్లో పెట్టబోతున్నాను, ఆ పేజీలకు నెలకి ఎంతమంది వస్తున్నారు, యాడ్‌లకి డబ్బు పెడతానా లేదా, ఇవే రాసి రివ్యూ డ్రాఫ్ట్ జత చేశాను. నన్ను నేను పొగుడుకునే మాట ఒక్కటీ రాయలేదు.

వారాంతం గడిచాక జవాబు వచ్చింది. ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న: కంపెనీ పేరు మీద సెర్చ్ యాడ్‌లు కొంటారా? కొననని చెప్పాను. ఆ మధ్యాహ్నమే అప్రూవల్ వచ్చింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో తర్వాత చెప్పారు. కొందరు అఫిలియేట్‌లు కంపెనీ పేరుతోనే గూగుల్‌లో యాడ్ వేస్తారు. ఎలాగూ కొనడానికి వచ్చేవాళ్లు ఆ యాడ్ మీద క్లిక్ చేస్తారు, కంపెనీ అనవసరంగా కమీషన్ కట్టాల్సి వస్తుంది. కొత్త దరఖాస్తుల్లో మేనేజర్లు మొదట వెతికేది ఇలాంటివాళ్లనేనట. యాడ్‌ల సంగతి దరఖాస్తులో ఎక్కడా లేకపోతే, అనుమానంతోనే పక్కన పెట్టేస్తారు.

చేరాక ఇంకో పని ఉంది, ట్యాక్స్ ఫారం. కంపెనీ అమెరికాది, నేను అక్కడి పౌరుణ్ణి కాను, కాబట్టి డబ్ల్యూ-8బీఈఎన్ నింపాలి. అది నింపకపోతే కమీషన్ డ్యాష్‌బోర్డ్‌లో కనపడుతుంది గానీ చేతికి రాదు. ఫారం నింపడానికి పట్టేది కాసేపే. కానీ పేరు, బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

మొదటి అమ్మకం ఫిబ్రవరి మూడో వారంలో పడింది. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ స్క్రీన్ మీద కనిపించే అంకె ఇంకా మన డబ్బు కాదు. మా ఒప్పందం ప్రకారం కుకీ గడువు (లింక్ నొక్కాక ఎన్నాళ్లలోపు కొంటే అమ్మకం నాదిగా లెక్కిస్తారో ఆ గడువు) 30 రోజులు, కమీషన్ మొదటి చెల్లింపు మీద 20 శాతం. అంటే వంద డాలర్ల ప్లాన్ ఎవరైనా కొంటే నాకు ఇరవై. కస్టమర్‌కి 30 రోజుల మనీ బ్యాక్ హామీ ఉంది కాబట్టి అమ్మకం 45 రోజులు పెండింగ్‌లో ఉండి, ఆ తర్వాత లాక్ అవుతుంది, అంటే ఖరారవుతుంది. లాక్ అయినవాటికి మరుసటి నెల 20న చెల్లిస్తారు. ఫిబ్రవరిలో జరిగిన అమ్మకం ఏప్రిల్ మొదట్లో లాక్ అయి, డబ్బు మే 20న రావాలి. మూడు నెలలు. ఈలోగా హోస్టింగ్, టూల్స్, సాఫ్ట్‌వేర్ చందాలు అన్నీ నా జేబులోంచే పోతుంటాయి. అఫిలియేట్ ఆదాయం మీద బతకాలనుకునేవాళ్లు కనీసం మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

మార్చి అంతా మేనేజర్ నుంచి మాట లేదు. వచ్చినవన్నీ అందరికీ ఒకేలా పంపే మెయిల్స్: కొత్త బ్యానర్లు, సీజన్ ఆఫర్లు. నేను పంపిన రెండు చిన్న ప్రశ్నలకి జవాబు రాలేదు. నన్ను లెక్క చేయడం లేదనే అనుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం డ్యాష్‌బోర్డ్ తెరిస్తే, పెండింగ్‌లో ఉన్న కమీషన్లలో దాదాపు సగం ఎర్ర రంగులోకి మారి ఉన్నాయి. అన్నీ రివర్స్, అంటే రద్దు. కారణం ఉండాల్సిన గడిలో కొన్నిటికి ‘డూప్లికేట్’ అని, మిగతావాటికి ‘ఇతర’ అని ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు నెలల కష్టం, ముందే కట్టేసిన ఖర్చులు, మే నెలలో వస్తుందని లెక్క వేసుకున్న డబ్బు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎక్కడో ఎవరో ఒక ఫైల్ అప్‌లోడ్ చేస్తే మన నెల జీతం మాయమవుతుంది, దాని గురించి ఒక మెయిల్ కూడా రాదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఇదే.

మర్నాడు పొద్దున్నే మేనేజర్‌కి రాశాను. వెంటనే ఆటోమేటిక్ జవాబు: సెలవులో ఉన్నాను, వచ్చే వారం చూస్తాను. ఆ వారం గడవడం చాలా కష్టమైంది. ఆ ఖాళీ సమయంలో రివర్స్ అయిన ప్రతి ఆర్డర్‌నీ ఒక షీట్‌లోకి ఎక్కించాను. ఆర్డర్ నంబరు, క్లిక్ చేసిన సమయం, కొన్న సమయం, ఏ పేజీలోని లింక్ నుంచి వచ్చిందో తెలిపే సబ్-ఐడీ. ప్రతి పేజీకీ వేరే సబ్-ఐడీ పెట్టడం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. అందుకే ఫలానా అమ్మకం ఫలానా పోలిక పేజీ నుంచి వచ్చిందని చూపించగలిగాను. లింక్ చివర ఒక చిన్న ముక్క చేర్చడమే కదా అని చాలామంది వదిలేస్తారు. గొడవ వచ్చిన రోజున మన చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

సెలవు నుంచి వచ్చాక ఆవిడే కాల్ పెడదామన్నారు. నిజం చెప్పాలంటే, నాకు ఈ సంబంధం మొదటిసారి అర్థమైంది ఆ కాల్‌లోనే. ఆవిడ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి కాదు. కంపెనీ తన అఫిలియేట్ ప్రోగ్రామ్‌ని ఒక ఏజెన్సీకి అప్పగించింది, ఆవిడ ఆ ఏజెన్సీలో పనిచేస్తారు. ఆవిడ చేతిలో డజనుకు పైగా ప్రోగ్రామ్‌లు, ఒక్కోదాంట్లో వందల మంది అఫిలియేట్‌లు. ఏ అమ్మకం ఒప్పుకోవాలి, ఏది రద్దు చేయాలి అనే జాబితా కంపెనీ ఫైనాన్స్ టీమ్ నుంచి వస్తుంది. బటన్ నొక్కే అధికారం ఆవిడకి లేదు. మార్చిలో జవాబు రాకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. నా ప్రశ్నలు ఆవిడ కంపెనీకి పంపారు, అక్కడి నుంచి ఆవిడకే జవాబు రాలేదు.

“మీరు నాకు కోపంగా రాస్తే అది నా దగ్గరే ఆగిపోతుంది. నేను యథాతథంగా ముందుకు పంపగలిగేలా రాయండి, పంపిస్తాను” అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నా షీట్ చూసి, ఇంత వివరంగా ఇచ్చేవాళ్లు అరుదు అన్నారు కూడా. కంపెనీ లోపల ఆవిడ మీద ఉన్న ఒత్తిడి గురించీ చెప్పారు. అఫిలియేట్‌లు నిజంగా కొత్త కస్టమర్లని తెస్తున్నారా, లేక ఎలాగూ కొనేవాళ్ల కోసమే మనం కమీషన్ కడుతున్నామా అని ప్రతి సమావేశంలోనూ అడుగుతారట. ఆవిడ ఉద్యోగం నిలబడేది ఆ ప్రశ్నకి ఇచ్చే జవాబు మీదే.

షీట్ ఫైనాన్స్ టీమ్‌కి వెళ్లింది. త్రైమాసికం లెక్కలు మూసే హడావుడిలో ఉన్నారని ఒకసారి, సంబంధిత మనిషి లేరని ఇంకోసారి కబురు వచ్చింది. నేను వారానికి ఒక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తు చేసేవాణ్ణి. రోజూ రాయాలనిపించేది, టెన్షన్ అలా ఉండేది. కానీ నా కోసం వాదించాల్సిన మనిషిని విసిగిస్తే నష్టం నాకే. మూడు వారాలు దాటాక, మే మొదట్లో వివరణ వచ్చింది.

రద్దయినవాటిలో కొన్ని నిజంగా రిఫండ్‌లు. వాటి గురించి మాట్లాడేదేమీ లేదు. కొన్ని పాత కస్టమర్లవి: అంతకుముందే ఖాతా ఉన్నవాళ్లు నా లింక్ ద్వారా వచ్చి కొత్త మెయిల్‌తో ఇంకో ఖాతా తెరిచారు. ప్రోగ్రామ్ నిబంధనల్లో కొత్త కస్టమర్లకే కమీషన్ అని ఉంది కాబట్టి అదీ ఒప్పుకోవాల్సిందే.

డూప్లికేట్ అన్నవాటి కథ వేరు. పాఠకుడు నా రివ్యూ చదివి, నా లింక్ నొక్కి, కొనే పేజీదాకా వెళ్తాడు. అక్కడ అతని బ్రౌజర్‌లో ఉన్న కూపన్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పైకి వచ్చి, డిస్కౌంట్ కోడ్‌లు వెతకమంటారా అని అడుగుతుంది. అతను సరే అని నొక్కగానే వెనకాల ఎక్స్‌టెన్షన్ వాళ్ల సొంత అఫిలియేట్ లింక్ తెరుచుకుంటుంది. ఆ ఎక్స్‌టెన్షన్ వేరే నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి ఒకే అమ్మకాన్ని రెండు నెట్‌వర్క్‌లూ తమదిగా నమోదు చేశాయి. కంపెనీ రెండుసార్లు కట్టదు. చివరి క్లిక్ ఎవరిదో వాళ్లకే ఇస్తుంది. చివరి క్లిక్ ఎక్స్‌టెన్షన్‌ది. ఆ మనిషిని ఒప్పించి అక్కడిదాకా తీసుకొచ్చిన రివ్యూకి సున్నా. దుక్కి దున్ని నాటు వేసినవాడిని పక్కన పెట్టి, కోతనాడు కొడవలి పట్టుకుని వచ్చినవాడికి గింజలన్నీ కొలిచి ఇచ్చినట్టుంది. ఈ తరహా ఎక్స్‌టెన్షన్‌ల మీద పెద్ద రచ్చ జరిగాక, 2025 మార్చిలో గూగుల్, తన క్రోమ్ బ్రౌజర్‌కి ఎక్స్‌టెన్షన్‌లు దొరికే క్రోమ్ వెబ్ స్టోర్ నిబంధనలు మార్చింది. యూజర్‌కి కనిపించే ప్రయోజనం ఏదీ లేకుండా, అతను ఏ పనీ చేయకుండా అఫిలియేట్ లింక్‌లు చొప్పించడాన్ని నిషేధించింది. కానీ యూజర్ తనంతట తాను బటన్ నొక్కితే, ఏదో ఒక డిస్కౌంట్ దొరికితే, ఆ క్లిక్ చెల్లుతుంది. నా సమస్య అక్కడే ఉంది.

చివరి గుంపు ‘ఇతర’. ఇవన్నీ ట్రయల్ నుంచి పెయిడ్‌కి మారినవి. మొదటి ప్రయత్నంలో కార్డు చెల్లింపు ఫెయిలై, కొన్ని రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే పడింది. కంపెనీ నెట్‌వర్క్‌కి పంపిన ఫైల్‌లో మొదటి ఫెయిల్యూర్ మాత్రమే ఉంది. అంటే డబ్బు కంపెనీకి చేరింది, నాకు మాత్రం రద్దయింది. మేనేజర్ నా షీట్‌లోని ఆర్డర్ నంబర్లు ఒక్కొక్కటీ బిల్లింగ్‌తో సరిచూడమని పట్టుబట్టడం వల్లే అది బయటపడింది. ఆ కమీషన్లు మళ్లీ వేశారు. మొత్తం మీద రద్దయినదాంట్లో దాదాపు మూడో వంతు వెనక్కి వచ్చింది. నాకంటే ముందు ఇలా ఎంతమందికి పోయాయో, అడగనివాళ్లకి ఎన్ని రాలేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మే 20న మొదటి చెల్లింపు వచ్చింది. కరెన్సీ మార్పిడికి బ్యాంకు వేసే ఛార్జీ కొంత తినేసింది. చెల్లింపుల కనీస మొత్తాన్ని డ్యాష్‌బోర్డ్‌లో పెంచుకుంటే ఛార్జీ తక్కువసార్లు పడుతుందని మేనేజర్ చెబితేనే తెలిసింది.

కూపన్ ఎక్స్‌టెన్షన్ సమస్యకి దారి కూడా ఆవిడే చూపించారు. నా పేరు మీద ప్రత్యేకమైన డిస్కౌంట్ కోడ్ ఒకటి ఇప్పిస్తానన్నారు. ఆ కోడ్ వాడి ఎవరు కొన్నా, చివరి క్లిక్ ఎవరిదైనా, అమ్మకం నా ఖాతాలోనే పడుతుంది. నేను జూన్ మొదట్లో అడిగితే, కంపెనీ మార్కెటింగ్ వాళ్లు, వెబ్‌సైట్ వాళ్లు, నెట్‌వర్క్ వాళ్లు అందరి చేతులూ దాటి జూన్ చివరికి కోడ్ పనిచేసింది. వచ్చిన రోజే ట్రయల్ ఖాతాతో పరీక్షించి చూసుకున్నాను. ఆ తర్వాత డూప్లికేట్ రద్దులు బాగా తగ్గాయి. రివ్యూలు రాసేవాళ్లు మేనేజర్ని అడగాల్సిన మొదటి కోరిక కమీషన్ రేటు పెంచమని కాకుండా ఇలాంటి కోడ్ ఇవ్వమని అయితే మంచిదని నా అభిప్రాయం.

జూలైలో మా మధ్య కాస్త ఇబ్బంది నడిచింది. నా పోలిక పేజీలో ఈ సాఫ్ట్‌వేర్ మూడో స్థానంలో ఉంది. మొదటి స్థానంలో పెడితే రేటు పెంచడానికి కంపెనీ సిద్ధంగా ఉందని ఆవిడ రాశారు. రిపోర్టులు నెమ్మదిగా తెరుచుకుంటాయని నేను రాసిన పేరా తీసేయగలరా అని కూడా అడిగారు. రెండిటికీ కుదరదన్నాను. ఆ మెయిల్ పంపేటప్పుడు గుండె దడదడలాడింది, సంబంధం చెడిపోతుందేమోనని. బదులుగా ఒకటి చెప్పాను: రిపోర్టుల సమస్య సరిచేస్తే చెప్పండి, మళ్లీ పరీక్షించి ఆ పేరా మారుస్తాను. పేజీలో ‘స్పాన్సర్డ్’ అని స్పష్టంగా రాసిన చోటు కావాలంటే దానికి వేరే ధర ఉంటుంది, ర్యాంకుకి దానితో సంబంధం ఉండదు.

ఆవిడ నొచ్చుకోలేదు. కంపెనీ అడగమంది కాబట్టి అడిగానని, నా జవాబు ముందుకు పంపడానికి వీలుగా ఉందని రాశారు. ఆ నెలలోనే ఇంకో మెయిల్ కూడా పంపారు. ‘ఈ లింక్‌ల ద్వారా కొంటే మాకు కమీషన్ వస్తుంది’ అనే ప్రకటన పేజీ అడుగున కాకుండా లింక్‌లకి దగ్గర్లో, పాఠకుడు తప్పించుకోలేని చోట ఉందా అని అందరి పేజీలూ తనిఖీ చేస్తున్నారట. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, అలాంటి ప్రకటన సరిగా లేకపోతే రాసినవాళ్లనే కాదు, కంపెనీని కూడా బాధ్యుల్ని చేయవచ్చు. నా పేజీల్లో అది మొదటి పేరాలోనే ఉంటుంది. ర్యాంకు అమ్మనని చెప్పిన మనిషే ప్రకటన కూడా సరిగ్గా పెట్టాడని కంపెనీకి రాస్తానన్నారు. రాశారో లేదో నాకు తెలియదు గానీ, ఆగస్టులో జరిగింది చూస్తే రాసే ఉంటారనిపిస్తుంది.

ఆగస్టులో రేటు పెంపు సంగతి ఆవిడే ఎత్తారు. నాలుగు వివరాలు ఒక పేజీలో ఇమ్మన్నారు: నేను పంపిన కస్టమర్లలో కొత్తవాళ్ల వాటా, రిఫండ్ల వాటా, ఏడాది ప్లాన్ కొన్నవాళ్ల వాటా, రాబోయే నెలల్లో నేను రాయబోయేవి. మూడింటికి అంకెలు ఆవిడ దగ్గరే ఉన్నాయి, అయినా నా వైపు నుంచి కావాలన్నారు, కంపెనీ ముందు పెట్టడానికి. పది రోజుల్లో 20 శాతం 25 అయింది. మెయిల్‌లో చెప్పారు, సెప్టెంబరు నుంచి అమలు.

సెప్టెంబరు చివరి వారంలో నేను పంపిన మెయిల్ తిరిగి వచ్చేసింది, ఆ అడ్రస్ ఇక లేదని. ఆవిడ ఏజెన్సీ వదిలి వెళ్లిపోయారు. ఒక్క ముక్క చెప్పలేదు. మనసు చివుక్కుమంది. చెప్పే వీలు ఆవిడకి ఉందో లేదో నాకు తెలియదు కాబట్టి తప్పు పట్టను. కానీ తొమ్మిది నెలల పాటు నా పని గురించి తెలిసిన మనిషి ఒకరున్నారు అనే ధైర్యం ఒక్కసారిగా పోయింది.

అక్టోబరు మొదట్లో కొత్త మేనేజర్ తనను పరిచయం చేసుకుంటూ మెయిల్ పెట్టారు. అదే వారంలో కొత్త అమ్మకాలకి కమీషన్ 20 శాతం లెక్కన పడటం గమనించాను. అడిగితే తెలిసిందేమిటంటే, పెంపును నెట్‌వర్క్‌లో నా ఖాతాకి సెప్టెంబరు నెల బోనస్ లాగా పెట్టారు, గడువు తీరగానే అది ఆగిపోయింది. శాశ్వత రేటుగా ఎక్కడా నమోదు కాలేదు. కొత్తాయనకి పాత మాటలేవీ అప్పగించలేదు. నేను ఆగస్టు మెయిల్‌ని, దానికి జత చేసిన పేజీతో సహా పంపాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ కంపెనీతో మళ్లీ నిర్ధారించుకోవాలన్నారు. మళ్లీ ఎదురుచూపు. రెండు వారాలు దాటాక 25 శాతం తిరిగి వచ్చింది. ఈసారి నెట్‌వర్క్‌లో నా పేరు మీద ప్రత్యేక నిబంధనల కిందే చేర్చమని అడిగాను. అది నా డ్యాష్‌బోర్డ్‌లో కనిపించేదాకా ఆగి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. మధ్యలో తగ్గిన మొత్తాన్ని బోనస్‌గా వేశారు.

డిస్కౌంట్ కోడ్ విషయంలో కూడా ఇదే జరగబోయి తప్పింది. ఆ కోడ్ డిసెంబరు 31తో ముగుస్తుందని కొత్త మేనేజర్ చూసి చెప్పారు. నాకు కనిపించే చోట ఆ తేదీ లేదు. ఏడాది పొడిగించారు.

ప్రస్తుతం నెలకొక చిన్న కాల్ పెట్టుకుందామని ఒప్పుకున్నాం. ప్రతి కాల్ తర్వాత మాట్లాడుకున్నవన్నీ నేనే మెయిల్‌లో రాసి పంపుతున్నాను, ఆయన సరేనని జవాబిస్తున్నారు. రేపు ఆయన వెళ్లిపోయినా తర్వాత వచ్చేవాళ్లకి చూపించడానికి అది ఉంటుంది. రిపోర్టుల వేగం పెరిగిందని నవంబరులో కబురు వచ్చింది, మళ్లీ పరీక్షిస్తున్నాను. నిజమైతే ఆ పేరా మారుస్తాను. ఏప్రిల్‌లో డూప్లికేట్ పేరుతో పోయిన కమీషన్లు మాత్రం ఇక రావని తేలిపోయింది.